అమెరికా బడి డబ్బు ఎక్కడిది?

అమెరికా ప్రభుత్వ బడుల ఖర్చులో ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వ వాటా సుమారు పదో వంతే. మిగతాది రాష్ట్రానిదీ, స్థానిక పన్నులదీ. స్థానిక పన్నుల్లో ఆస్తి పన్నుదే పెద్ద చెయ్యి. ఖరీదైన ఇళ్లున్న చోట బడికి డబ్బు సులువుగా వస్తుంది. ఈ తేడా ఫెడరల్ రాజ్యాంగానికి విరుద్ధం కాదని 1973లో రోడ్రిగెజ్ కేసులో సుప్రీంకోర్టు 5-4 తేడాతో తేల్చేసింది. నాకైతే మింగుడుపడని తీర్పు.

అందుకే, స్థానిక బడుల బడ్జెట్ తేల్చే స్కూల్ బోర్డు ఎన్నికల్ని వదలకూడదు. అక్కడ ఓటేసేవాళ్లు తక్కువ, కొద్ది ఓట్లే ఫలితాన్ని తిప్పేస్తాయి. బోర్డు సమావేశంలో మాట్లాడాలంటే చాలాచోట్ల ముందే పేరు రాయించుకోవాలి. దొరికేది సాధారణంగా 2, 3 నిమిషాలు. ఎజెండాలో లేని విషయమెత్తితే చాలాచోట్ల వింటారు, ఆ రోజు నిర్ణయం మాత్రం సాధారణంగా తీసుకోరు. బడ్జెట్ ఆమోదించాక వెళ్లి అరిచి లాభం లేదు. ముసాయిదా దశలోనే, ఏ పద్దులో ఎంత కోశారో అంకె చూపించి అడగాలి.