శుభలేఖ మీద వంగిన అక్షరాలు

మా చెల్లి శుభలేఖలో ఇంగ్లీషు వైపు పేర్లకి కార్మొరాంట్ ఇటాలిక్ అనే వంగిన అక్షరాల ఫాంట్ వాడాను. విజయవాడలో పన్నెండేళ్లుగా కార్డులు డిజైన్ చేస్తున్నా, ఇంత ఇష్టంగా ఏ ఫాంటూ వాడలేదు.

దీన్ని గీసింది క్రిస్టియన్ థాల్మన్. 16వ శతాబ్దంలో పారిస్‌లో క్లాడ్ గరమాండ్ చెక్కిన అక్షరాలు ఆయనకి స్ఫూర్తి. ఉచితంగానే దొరుకుతుంది. నిలువు అక్షరాన్ని పక్కకి వంచినంత మాత్రాన ఇటాలిక్ అయిపోదు. ఇంగ్లీషు చిన్న ‘a’నే చూడండి, పైనున్న కొక్కెం పోయి, చేత్తో రాసినట్టు గుండ్రంగా మారిపోతుంది. 1500 ప్రాంతంలో వెనిస్‌లో అల్డస్ మనూటియస్ ప్రెస్ కోసం ఫ్రాంచెస్కో గ్రిఫో చెక్కిన మొదటి ఇటాలిక్ కూడా అప్పటి చేతిరాత నుంచి వచ్చిందే.

48 పాయింట్లలో పేర్లు ఎంత బాగున్నాయో! ఆ మురిపెంలో కల్యాణ మండపం అడ్రసు కూడా ఇదే ఫాంట్‌తో 8 పాయింట్లలో పెట్టేశాను. గోల్డ్ ఫాయిల్ వేశాక చూస్తే సన్నని గీతలు తెగిపోయాయి, అక్షరాల కొసలు మాయం. మూడు వందల కార్డులు పక్కన పెట్టాం. రాత్రంతా టెన్షన్. పెద్ద సైజు కోసమే గీసిన అక్షరం ఇది. అడ్రసుకి కాస్త మందమైన ఫాంట్ పెట్టి మళ్లీ వేయించాను.

తెలుగు వైపు మాత్రం నిలువుగానే ఉంచాను. ఇటాలిక్ బటన్ నొక్కితే మన అక్షరాల గుండ్రదనం ఒక పక్కకి సాగిపోతుంది, నాకు చూడబుద్ధి కాదు.

అమ్మకి ఇంగ్లీషు రాదు. చెల్లి పేరు మీద వేలు పెట్టి, “ముగ్గు వేసినట్టుందిరా” అంది.