సాక్సు గొట్టం, దుమ్ము కార్డులు: మా పిల్లల ఆస్తమా క్రాఫ్ట్ ఎంతవరకొచ్చిందంటే

మా పాపకీ, కింద ఫ్లాట్ బాబుకీ ఆస్తమా. అది ముట్టుకోకు, అక్కడ ఆడకు అని ఎంత చెప్పినా పిల్లల బుర్రకెక్కదు, కారణం కళ్ళకి కనిపించాలి. అందుకే ఆదివారాలు వాళ్ళ చేతే ఇవన్నీ చేయిస్తున్నాను.

ఇప్పటిదాకా బాగా కుదిరింది సాక్సు ఊపిరిగొట్టం. పాత సాక్సు పాదం కత్తిరించేస్తే మెత్తటి గొట్టం మిగులుతుంది, అందులో గోలీ వేస్తే సర్రున జారిపోవాలి. తర్వాత బయట రబ్బరు బ్యాండ్ బిగించాం, అది గొట్టం చుట్టూ కండరం బిగుసుకోవడం. లోపల గిన్నెలు తోమే స్పాంజిని పల్చగా కోసి పెట్టాం, అది లోపొర వాపు. గోలీ ఇరుక్కుంది. రబ్బరు బ్యాండ్ తీయించి, ఆయాసం వచ్చినప్పుడు పీల్చే నీలం ఇన్‌హేలర్ చేసే పని ఇదీ అన్నాను. దారి కాస్త తెరుచుకుంది కానీ గోలీ ఇంకా స్పాంజికి తట్టుకుంటూనే ఉంది. "అమ్మా, మరి రోజూ పొద్దున్నా రాత్రీ పీల్చేది స్పాంజి కోసమా?" అంది పాప. అవును, దానికే! బాగానే ఉన్నాను కదా, ఎందుకు అని రోజూ పేచీ పెట్టే పిల్ల ఆ మాట తనే అడిగితే ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

రెండోది దుమ్ము కార్డులు. నల్ల చార్టు ముక్కలకి వాజిలీన్ పల్చగా రాసి మంచం కింద, కిటికీ దగ్గర, పూజ అలమరలో పెట్టి, రెండు రోజులయ్యాక భూతద్దంతో చూడాలి. పూజ అలమర కార్డు మీద అగరొత్తి నుసి స్పష్టంగా కనిపించింది. పరుపుల్లో ఉండే డస్ట్ మైట్ అనే చిన్న పురుగు మాత్రం సుమారు 0.3 మిల్లీమీటర్లే, దాన్ని క్లేతో ఎనిమిది కాళ్ళు పెట్టి చేశాం. అసలు ఇబ్బంది దాని రెట్టతోనే అనేసరికి ఇద్దరూ ఛీ అంటూ దిండు గలీబులు తీసుకొచ్చి వాషింగ్ మెషీన్‌లో పడేశారు. వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతికితే అవి చస్తాయి.

సామాన్ల విషయంలో మాత్రం జాగ్రత్త. స్ప్రే పెయింట్, ఘాటు వాసన జిగురు, థర్మాకోల్ పొడి కూడా ఆయాసం తెప్పించగలవు, కాబట్టి ఫెవికాల్ లేదా ఉడికించిన మైదా జిగురే వాడండి, చివర్లో చీపురు పట్టకుండా తడిగుడ్డతో తుడవండి. పిల్లలకి జలుబో పిల్లికూతలో ఉన్న రోజు క్రాఫ్ట్ వద్దు.

తర్వాత ఏది పడదో బొమ్మలతో చూపించే తిప్పే చక్రం అట్టతో చేయాలి, ఎవరి చక్రం వాళ్ళదే: మా పాపకి పొగ పడదు, బాబుకి చల్లగాలి పడదు. దీపావళి లోపు పూర్తవ్వాలి, టపాసుల బొమ్మ పాప ఇప్పటికే గీసేసింది.