ఆఖరి బస్సు 7:30కి: ఊరవతల హాస్టల్లో మొదటి ఏడాది

మా కాలేజీ గేటు నుంచి దగ్గరి టౌనుకి 14 కిలోమీటర్లు. బస్సులు రోజుకి నాలుగే. సాయంత్రం 7:30ది వెళ్లిపోయిందంటే మళ్లీ తెల్లారాకే. కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. బాసర, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి కాగానే చేరే పిల్లలకైనా, ఇంటర్ అయ్యాక పొలాల మధ్య ఇంజినీరింగ్ కాలేజీలో చేరేవాళ్లకైనా లెక్క ఒకటే: ఇంటి దగ్గర ఐదు నిమిషాల్లో అయ్యే పనికి ఇక్కడ ఒక పూట పోతుంది.

పరుపు, బకెట్, మగ్గు, బట్టలారేసే తాడు ఇంటి నుంచి మోసుకురావద్దు. దింపడానికి వచ్చిన నాన్న తిరుగు బస్సెక్కే లోపే టౌనులో కొనిపించుకోవాలి. దానికంటే ముందు మంచం కొలవాలి. మావి రెండున్నర అడుగుల వెడల్పున్న ఇనప మంచాలు, కొట్లో అడగ్గానే ఇచ్చేది మూడడుగుల పరుపు. అల్మారా గడియ కూడా చూసుకోండి, లావు కొక్కెం ఉన్న తాళం కొన్నిట్లో దూరదు. రెండో తాళంచెవి పక్క గదివాళ్లకి ఇచ్చాను. దాన్ని పెట్టెలో పెట్టి అదే పెట్టెకి తాళం వేసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరుంటారు.

దోమతెర దోమలకే అనుకుంటారు. పొలాల పక్కన అంతకంటే పెద్ద కారణం కట్లపాము. అది రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లని నిద్రలోనే కరుస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు కాబట్టి చీమేదో కుట్టిందనుకుని మళ్లీ పడుకుంటారు. కొన్ని గంటలకి కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, కొందరికి ముందు కడుపునొప్పి వస్తుంది. అందుకే గది ఎంత ఉడికిపోతున్నా కింద పరుపు వెయ్యకూడదు. మంచం కాళ్లకి అరంగుళం పీవీసీ పైపులు నాలుగు కట్టి తెర వేలాడదీసి, అంచులు నాలుగు వైపులా పరుపు కిందికి దోపాలి. పాము కాటు అనుమానం వస్తే గట్టిగా తాడు కట్టడం, కోయడం, మంత్రం అంటూ తిప్పడం వద్దు. కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యాలి. విరుగుడు ఇంజెక్షన్ ఆస్పత్రిలోనే ఉంటుంది. బూట్లు దులిపి తొడుక్కునేది తేళ్ల కోసం.

నల్లులున్న మంచం వస్తే పరుపు ఎండలో వేస్తే చాలదు. అవి ఉండేది మంచం అతుకుల్లో, చెక్క పలక అంచుల్లో. మరిగే నీళ్లు అక్కడ పొయ్యాలి, గుడ్లు మిగులుతాయి కాబట్టి పది రోజులకి మళ్లీ పొయ్యాలి. వేసవంతా గది ఖాళీగా ఉంది, చచ్చుంటాయిలే అనుకోవద్దు. రక్తం దొరక్కపోయినా నెలల తరబడి బతుకుతాయి.

కరెంటు సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. గోడకుండే చిన్న సాకెట్ 6 ఆంపియర్లది. 1500 వాట్ల హీటర్ రాడ్డు 230 వోల్టుల దగ్గర ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. రోజూ అలా వాడితే సాకెట్ లోపల వేడెక్కి, పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరుగుతుంది. ఆ రంగు కనిపిస్తే అందులో ఫోన్ ఛార్జర్ కూడా పెట్టకండి. వరసలో నాలుగు గదులకి కలిపి 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే తనంతట తనే పడిపోయే స్విచ్) ఒకటే ఉందనుకుందాం. అది మోయగలిగేది 3680 వాట్లు. రెండు రాడ్లని తట్టుకుంటుంది. మూడోదానితో హద్దు దాటుతుంది, అయినా ఎంసీబీ వెంటనే పడకపోవచ్చు. నాలుగోది పెడితే కాసేపట్లో అంతా చీకటి. అప్పుడు రాడ్లు తియ్యకుండా స్విచ్ పైకి లేపి, మళ్లీ పడితే మళ్లీ లేపుతుంటారు, అదే అసలు ప్రమాదం. చాలా హాస్టళ్లలో రాడ్డు ఎలాగూ నిషేధం, వార్డెన్ కంట పడితే పోయినట్టే. చలికాలంలో నేను స్నానం సాయంత్రం ఐదింటికి మార్చుకున్నాను. మేడ మీది నల్ల ట్యాంకులో నీళ్లు పగటి ఎండకి గోరువెచ్చగా ఉంటాయి, ఆ వేళకి బాత్‌రూముల దగ్గర వరస కూడా ఉండదు.

పొద్దున 7 నుంచి 8:30 దాకా కుళాయి సన్నగా వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు. రాత్రే బకెట్ నింపి మూతపెట్టుకోవాలి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే స్నానం సబ్బు నురగ రాదు, ఒంటి మీద జిడ్డుగా తెల్లటి పొర మిగులుతుంది. బట్టలకి డిటర్జెంటు పౌడర్ నయం, కానీ ఇంకోసారి జాడించాలి. బకెట్‌కి పట్టిన తెల్ల చారలు నిమ్మచెక్కతో రుద్దితే పోతాయి.

మెస్ గురించి ఫిర్యాదులు ఏ హాస్టల్లోనైనా ఉంటాయి, వదిలేద్దాం. అమ్మ ఇచ్చే కిలో ఆవకాయని ఒకే సీసాలో తేవద్దు, పావుకిలో చొప్పున నాలుగు సీసాల్లో పెట్టించుకోండి. గదిలో ఎవడో ఒకడు తడి చెంచా ముంచుతాడు, బూజు పడితే ఒక్క సీసాతో పోతుంది. ముక్క పైన వేలెడు నూనె తేలాలి. కందిపొడి, నువ్వులపొడి కూడా అంతే, చిన్న పొట్లాలు. చీమలకి మందు జల్లేకన్నా డబ్బాని నీళ్లు పోసిన పళ్లెంలో నిలబెట్టడం మేలు. మరచెంబుడు నెయ్యి తెచ్చుకుంటే మొదటివారమే స్నేహితులు పెరుగుతారు, నెయ్యి మాత్రం మిగలదు.

సిగ్నల్ కిటికీ దగ్గరో, మేడ మీదో వస్తుంది. చేరేముందే ఏ నెట్‌వర్క్ అందుతుందో సీనియర్‌ని అడిగి సిమ్ తీసుకోండి. బ్యాంకుకిచ్చిన నంబరు అదే అయితే డేటా లేకపోయినా కొన్ని నెట్‌వర్కుల్లో *99# కొట్టి డబ్బు పంపొచ్చు. అయినా పదులు, ఇరవైల నోట్లలో ఒక 500 రూపాయలు పుస్తకంలో దాచుకోవాలి. షేర్ ఆటోవాడు నెట్ వచ్చేదాకా ఆగడు.

సర్టిఫికెట్లు అసలువి కాలేజీకిచ్చేముందు ప్రతిదానికీ ఐదేసి జిరాక్సులు తీసి, స్కాన్ చేసి ఫోన్లో, మెయిల్లో పెట్టుకోవాలి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు స్కాలర్‌షిప్ దరఖాస్తుకి మళ్లీ కావాలి, వాటికోసం మీసేవకి వెళ్తే ఒక రోజు గోవింద. హాజరు 75 శాతం కంటే తగ్గకూడదు. జేఎన్టీయూ పద్ధతిలో 65 నుంచి 75 మధ్య ఉంటే అనారోగ్యం కాగితాలు చూపించి, రుసుము కట్టి గట్టెక్కొచ్చు. అంతకంటే తగ్గితే దారి లేదు. మొదటి నెలలో ఇంటి మీద బెంగతో వారం వారం ఊరెళ్లేవాళ్లకి శుక్రవారం, సోమవారం క్లాసులు పోయి నవంబరుకల్లా ఈ లెక్క మొదలవుతుంది.

ర్యాగింగ్ జరిగితే 1800-180-5522 రాత్రీపగలూ పనిచేస్తుంది, ఫోన్లో ముందే సేవ్ చేసుకోండి.

ఊరెళ్లాలంటే అవుట్‌పాస్ కావాలి. వార్డెన్ సంతకం చేసేది ఇంటికి ఫోన్ చేసి నిర్ధారించుకున్నాకే, కాబట్టి ఆ నంబరు ఎత్తే మనిషిదై ఉండాలి. పొలంలో ఉండే నాన్న నంబరు ఇచ్చి రెండు బస్సులు పోగొట్టుకున్నాను, తర్వాత అమ్మది రాయించాను. దసరా రైలు టికెట్లు ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుచుకుంటాయి, ఆ రోజు పొద్దున 8 గంటలకి మేడ మీద సిగ్నల్ దగ్గర ఉండాలి. తిరిగొచ్చేటప్పుడు అర్ధరాత్రి దిగే రైలు ఎక్కితే ఆటో దొరకదు, స్టేషన్లోనే తెల్లవారాలి. మధ్యాహ్నంలోగా దిగేది చూసుకోండి. ఖాళీ ఆవకాయ సీసాలు మాత్రం వెళ్లేటప్పుడే పట్టుకెళ్లండి.