నల్లగొండలో ఎనిమిదిన్నర

విశాఖపట్నం నుంచి హైదరాబాదు వెళ్లే రాత్రి బస్సులో హైదరాబాదుకు పూర్తి చార్జీ చెల్లించినా, బస్సు నల్లగొండ ఊళ్లోకి రాదని చెప్పి తెల్లవారకముందే నన్ను నార్కట్‌పల్లి అడ్డరోడ్డు మీద దించేశారు. అక్కడి నుంచి ఆటోవాళ్లు అడిగిన ధర వినగానే మనసు చివుక్కుమంది. షేర్ ఆటో నిండేదాకా చలిలో నిలబడి, నిద్ర లేని కళ్లతో నల్లగొండ చేరేసరికి అసలు ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకొన్నానా అన్నంత విసుగు కలిగింది.

నేను వచ్చింది నల్లగొండ జిల్లాలోని అన్నెపర్తి చూడడానికి. బడిలో రోజూ చేయి చాచి మనమందరం చెప్పిన ప్రతిజ్ఞను రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు 1916లో పుట్టిన ఊరు అది. 1962లో, చైనాతో యుద్ధం జరిగిన ఆ సంవత్సరంలో, ఆయన మా విశాఖపట్నంలోనే ఖజానా శాఖ అధికారిగా ఉంటూ దాన్ని తెలుగులో రాశారు. మరుసటి ఏడు విశాఖలోని ఒక బడిలో పిల్లల చేత చదివించారు. 1965 జనవరి 26 నుంచి అది దేశమంతటా బడుల్లోకి వెళ్లింది. అదే విశాఖలో పదేళ్లు ఆ మాటలు వల్లించిన నాకు ఈ సంగతి చెప్పినవారు లేరు, పాఠ్యపుస్తకంలో ప్రతిజ్ఞ కింద ఆయన పేరూ ఉండేది కాదు. ఆ లోటు ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

గడియారం సెంటరు దగ్గర టిఫిను చేసి టీ చెప్పాను. సరిగ్గా ఎనిమిదిన్నరకు మైకులో జాతీయగీతం మొదలైంది. టీ వడపోస్తున్న మనిషి గిన్నెను పొయ్యి అంచున పెట్టి చేతులు కిందికి చాచి నిలబడ్డాడు. వెనక గ్యాస్ సిలిండరు కట్టుకొని వస్తున్న స్కూటరతను కాలు నేల మీద ఆనించి బండి ఆపాడు. ఆర్టీసీ బస్సు ఇంజను ఆగింది. పూలు కట్టుకొంటున్న ముసలమ్మ దారాన్ని పంటి కింద పట్టుకొనే మెల్లగా లేచింది. ఒక మోటారు సైకిలు మాత్రం ఆగకుండా సందులోకి తిరిగిపోయింది, అయినా అతణ్ని ఎవరూ కేకలేయలేదు. ఈ చివరి సంగతే నాకు ఎక్కువ నచ్చింది, ఎందుకంటే భయంతో నిలబడేవాళ్లయితే నిలబడనివాణ్ని అంత తేలికగా వదలరు. యాభై రెండు సెకన్లు గడిచాయి, మళ్లీ హారన్లు మొదలయ్యాయి.

ఈ రోజు ఏదైనా ప్రత్యేకమా అని పక్కనున్న పెద్దాయనను అడిగాను.

“ప్రత్యేకమేం లేదు సార్, ఇది రోజుటి ముచ్చటే. ఎనిమిదిన్నర గాంగనే ఎవరి పని వాళ్లు ఆపుతరు,” అన్నాడాయన, నా ప్రశ్నే వింతగా ఉన్నట్లు చూస్తూ.

2021 జనవరి 23న, నేతాజీ జయంతి నాడు, నల్లగొండలో ఈ అలవాటు మొదలైంది. అంతకుముందే 2017 ఆగస్టు 15న కరీంనగర్ జిల్లా జమ్మికుంటలో పోలీసుల చొరవతో ఇలాంటిదే మొదలైంది. మా ఊళ్లో ఆగస్టు 15న బీచ్ రోడ్డంతా జెండాలే, మర్నాడు ఉదయం వాకింగుకు వెళితే అవే కాగితపు జెండాలు కాళ్ల కింద కనిపిస్తాయి. ఏటా వాటిని ఏరుతూ, ఇంత ఉత్సాహం ఒక్క పూటలో ఎక్కడికి పోయిందని ఎన్నోసార్లు కుమిలిపోయాను.

ఆ మధ్యాహ్నం అన్నెపర్తి వీధుల్లో నడుస్తూ ప్రతిజ్ఞను మనసులో మొదటి నుంచి చివరి దాకా చెప్పుకొన్నాను. అందులో యుద్ధం మాట లేదు, శత్రువు పేరు లేదు. భారతీయులందరూ సహోదరులని, పెద్దలను గౌరవిస్తానని, ప్రతివారితోనూ మర్యాదగా నడచుకొంటానని ఉంది. దేశం యుద్ధంలో ఉన్న ఏడాదిలో ఒక ఉద్యోగి పిల్లల చేత చెప్పించాలనుకొన్నది ఈ మాటలే అంటే, దేశభక్తిని ఆయన ఎంత దగ్గరి పనిగా, రోజూ చేయవలసిన పనిగా చూశారో అర్థమై ఆయన మీద గౌరవం రెట్టింపైంది.

విశాఖ చేరగానే మా వీధి బడి ప్రధానోపాధ్యాయురాలిని కలిశాను. ఉదయం ప్రార్థనలో ప్రతిజ్ఞకు ముందు పైడిమర్రి వారి పేరు, అది ఈ ఊళ్లోనే రాసిన సంగతి పిల్లలకు చెప్పించమని కోరాను. సోమవారం నుంచే చెప్పిస్తామని ఆవిడ ఒప్పుకొన్నారు.