నానమ్మ ఎలుగు, మనవరాలి ఎలుగు

మేం అలాస్కాలోని యాంకరేజ్‌లో ఉంటాం. అమ్మాయి పుట్టింది ఇక్కడే. పద్యాలు, పండగలు నేర్పడానికి మన తెలుగువాళ్లం ఎంతో తాపత్రయపడతాం. పిల్లలు పుట్టిన నేల సంగతి మాత్రం స్కూలు చూసుకుంటుందిలే అని వదిలేస్తాం. నాకది సరికాదనిపిస్తుంది. వీడియో కాల్‌లో నానమ్మ చెబుతుంటే పిల్ల ఊ కొట్టడమే కాదు, తిరిగి నానమ్మకు చెప్పడానికి దాని దగ్గరా ఏదో ఒకటి ఉండాలి.

మా అమ్మాయి దగ్గర కోడియాక్ ఎలుగుబంటి ఉంది. అలాస్కా దక్షిణ తీరానికి ఎదురుగా ఉన్న కోడియాక్ దీవుల్లోనే ఇది ఉంటుంది. మంచుయుగం ముగిశాక, సుమారు 12,000 ఏళ్లుగా, మిగతా గోధుమరంగు ఎలుగులతో కలవకుండా అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు 3,500 దాకా ఉంటాయని అంచనా. పెద్ద మగది 600 కిలోలు దాటుతుంది. పుట్టినప్పుడు మాత్రం అరకిలో కూడా ఉండదు.

మా అత్తగారిది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మందస దగ్గర పల్లె. జీడితోటల్లోకి ఎలుగులు వస్తాయి, చీకటితో తోటకెళ్లాలంటే జనానికి భయం. అందుకే ఆవిడ ముందడిగింది, "మనుషుల మీద పడవా తల్లీ?" అని. చాలా అరుదని, వాటికి వాగుల నిండా సాల్మన్ చేపలున్నాయని పిల్ల చెప్పింది. చలికాలం నెలల తరబడి తిండీ నీళ్లూ లేకుండా ఒంట్లో కొవ్వుతోనే బతుకుతాయంటే ఆవిడ ఓ పట్టాన నమ్మలేదు.

ఆవిడకు బాగా నచ్చింది కడుపు సంగతి. మే, జూన్‌లలో జతకట్టినా పిండం వెంటనే గర్భంలో కుదురుకోదు. నవంబరు దాకా ఆగుతుంది. అప్పటికి తల్లి ఒంట్లో సరిపడా కొవ్వు లేకపోతే ఆ ఏడు పిల్లలుండవు. "కార్తీకం దాకా ఆగి చూసుకుంటుందన్నమాట!" అన్నారు. జనవరి, ఫిబ్రవరిలలో గుహలోనే ఈని, పిల్లల్ని మూడేళ్ల దాకా వెంట తిప్పుకుంటుంది.

2014లో కోడియాక్‌లో ఎండ ముదిరి ఎల్డర్‌బెర్రీలనే చిన్న అడవి పళ్లు ముందే పండాయి. సరిగ్గా చేపలొచ్చే సమయమది. ఎలుగులు చేపలు వదిలి పళ్ల కోసం కొండలెక్కేశాయి. వాతావరణం మారితే అడవిలో ఎవరి తిండి ఎలా మారుతుందో ఇంతకన్నా బాగా పిల్లలకు చెప్పే ఉదాహరణ నాకు తెలీదు.

"మా ఎలుగులూ అంతే, జీడిమామిడి పళ్లొస్తే తోట వదలవు" అన్నారు అత్తయ్య. ఇక నానమ్మ ఊరి ఎలుగుల మీద ప్రశ్నలు మా అమ్మాయివి: చెదపురుగుల్ని ఎలా పీల్చుకుంటాయి, చలికాలం ఎందుకు పడుకోవు, పిల్లల్ని వీపు మీద ఎక్కించుకు తిరగడం నువ్వెప్పుడైనా చూశావా నానమ్మా?