ఏసీ వేస్తే మా బండి ఎందుకు వణికింది: నా అనుభవం

ఏసీ ఆన్ చేసి బండిని నిలబెడితే వణుకు, ఆపేస్తే మామూలు. పోయిన ఎండాకాలం మా కారుకు పట్టుకున్న రోగం ఇది. నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్, మాన్యువల్ గేర్లు, లక్ష కిలోమీటర్లకు దగ్గరపడిన బండి. నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగితే స్టీరింగ్ చేతుల్లో జలదరించేది. లోపలి అద్దంలో వెనక బండి నంబరు చదవడానికి వచ్చేది కాదు. వెనక సీట్లో కూర్చునే అమ్మకు నడుము నొప్పి ఉంది, ఆ అదురు ఆమెకు అస్సలు పడదు. అందుకే నేను దీన్ని వదిలిపెట్టలేదు.

మొదట చూపించిన షెడ్డులో బానెట్ కూడా సరిగా ఎత్తకుండానే "కంప్రెసర్ పోయింది సార్, మార్చాలె" అన్నారు. ఏసీ గ్యాస్‌ను ఒత్తే పంపు అది. ఇంకో చోట "మూడు మౌంటింగులూ మార్చేద్దాం, అయినా తగ్గకపోతే అప్పుడు చూద్దాం" అన్నారు. మౌంటింగులంటే ఇంజిన్‌ను బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు. రెండూ వేలల్లో ఖర్చు. ఏ పార్టు చెడిందో తేల్చకుండా మార్చుకుంటూ పోవడం నాకు నచ్చలేదు. రోగం తెలియకుండా మందు వేసే వాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే.

అసలు ఏసీ వేసినప్పుడు ఇంజిన్‌లో ఏం జరుగుతుందో ముందు అర్థం చేసుకోవాలనుకున్నాను. మా కారులో కంప్రెసర్ బెల్టు మీద, ఇంజిన్ శక్తితోనే తిరుగుతుంది. దారిలో పోయేటప్పుడు ఆ భారం లెక్కలోకి రాదు. బండి నిలబడి ఇంజిన్ 750, 800 ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు) దగ్గర తిరుగుతున్నప్పుడు మాత్రం బాగా తెలుస్తుంది, ఎత్తు ఎక్కుతున్న ఎడ్లబండిలో ఇంకో బస్తా వేసినట్టు. ఈ సంగతి ఇంజిన్ కంప్యూటర్‌కు తెలుసు కాబట్టి ఏసీ బటన్ నొక్కగానే గాలి కాస్త ఎక్కువ పంపి ఐడిలింగ్‌ను, అంటే బండి నిలబడ్డప్పుడు ఇంజిన్ తిరిగే వేగాన్ని, పెంచుతుంది. కాబట్టి వణుకు వచ్చిందంటే మూడు దారుల్లో వెతకాలి. ఐడిలింగ్ పెరగాల్సినంత పెరగడం లేదా? కంప్రెసర్ మోపే భారమే మామూలు కంటే ఎక్కువైందా? లేక ఇంజిన్ ఎప్పటిలాగే అదురుతున్నా, ఆ అదురును ఆపాల్సిన రబ్బరు పని చేయడం లేదా?

ఖర్చు లేని పరీక్షలు ఇంట్లోనే చేశాను. బావమరిది సీట్లో కూర్చున్నాడు, నేను బానెట్ దగ్గర నిలబడ్డాను. ఏసీ బటన్ ఆపి బ్లోయర్ ఒక్కటే ఫుల్లుగా పెడితే వణుకు లేదు. హెడ్‌లైట్లు, వెనక అద్దం హీటర్ కూడా వేయించాను, అయినా పెద్ద తేడా రాలేదు. అంటే కరెంటు భారం కారణం కాదు. తర్వాత ఏసీ వేస్తే ముందు కంప్రెసర్‌ను బెల్టుకు కలిపే క్లచ్ 'టక్' మని పట్టుకుంది, కొద్దిసేపట్లో ముందరి ఫ్యాన్ తిరిగింది. కొన్ని బండ్లలో ఫ్యాన్ రెక్క విరిగి ఫ్యానే అదురుతుంది కాబట్టి దాన్ని విడిగా చూడాలి. ఏసీ ఆపి ఇంజిన్ బాగా వేడెక్కేదాకా ఆగాం. ఫ్యాన్ తనంతట తానే తిరిగింది, బండి వణకలేదు. ఏసీ వేసి యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కి 1,100 దగ్గర నిలిపితే అదురు చాలా వరకు పోయింది.

అన్నిటికంటే పనికొచ్చిన ఆనవాలు మాత్రం రోజూ కళ్ల ముందే ఉంది. పొద్దున వణుకు తక్కువ, మధ్యాహ్నం ఎక్కువ. రోడ్డు మీద పోతుంటే ఏసీ చల్లగా ఉంటుంది, బండి ఆగితే గాలి వేడెక్కుతుంది. ఈ రెండింటినీ కలిపి చూసినప్పుడు ఇంజిన్ కంటే ముందు ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ మీదే నాకు అనుమానం వచ్చింది.

అయినా ఇంజిన్‌ను వదిలేయదలుచుకోలేదు. స్టీరింగ్ కింద, ఇంజిన్ కంప్యూటర్ లెక్కలు చదవడానికి ఉండే ఓబీడీ సాకెట్‌లో పెట్టే చిన్న బ్లూటూత్ స్కానర్ తెచ్చి ఫోన్‌కు కలిపాను. ఏసీ లేకుండా 760 చుట్టుపక్కల ఉన్న ఆర్‌పీఎం, ఏసీ వేయగానే ఒక్క క్షణం పడి మళ్లీ లేచి 850 దగ్గర నిలబడింది. అంటే ఇంజిన్‌లోకి పోయే గాలిని సర్దే థ్రాటిల్ బాడీ తన పని తాను చేస్తోంది. మసి పేరుకుని ఉంటే అంత తొందరగా లేవదు. పెట్రోల్ సర్దుబాటు చూపించే ఫ్యూయల్ ట్రిమ్ సున్నాకు అటూ ఇటూ ఐదు శాతం లోపే ఉంది, కాబట్టి ఎక్కడా గాలి లీకు ఉన్నట్టు కనపడలేదు. మిస్సింగ్‌ను, అంటే సిలిండర్‌లో పెట్రోల్ సరిగా మండకపోవడాన్ని, తెలిపే పీ0300 వరుస కోడ్‌లు ఒక్కటీ లేవు. మిస్సింగే ఉంటే చాలాసార్లు ఏసీ లేనప్పుడు కూడా కొంత తెలుస్తుంది. ప్లగ్గులు, కాయిళ్లు మార్చే ఆలోచన అక్కడితో మానేశాను.

నా పని ధాన్యం కొనుగోళ్లతో ముడిపడింది. యాసంగి పంట వచ్చే ఏప్రిల్, మే నెలల్లో తిప్పర్తి, వేములపల్లి మీదుగా మిర్యాలగూడ రైస్ మిల్లులకు తిరుగుతూనే ఉంటాను. సాగర్ ఎడమ కాల్వ కింద మా వైపు పండే వడ్లు ఎక్కువగా అటే చేరతాయి. మిల్లు ఆవరణలో అరగంట బండి నిలిపితే అద్దాల మీద తౌడు పొర పడుతుంది, గాలికి ఊక ఎగురుతుంది. లోపల కూర్చుని లారీల కోసం చూస్తూ ఏసీ వేసుకుంటే ముందరి ఫ్యాన్ ఆ దుమ్మునంతా గ్రిల్‌లోకి పీలుస్తుంది.

మిర్యాలగూడలోనే ఒక ఏసీ మెకానిక్ దగ్గరికి పోయాను. చిన్న షాపే, కానీ అతను వచ్చీ రాగానే గ్యాస్ ఒత్తిడి చూపే రెండు గేజీలు తగిలించాడు. అక్కడే నాకు నమ్మకం కుదిరింది. "అన్నా, బండి ఇట్లనే ఎండల ఉండనియ్యి, నీడకు వద్దు" అన్నాడు. మా బండిలో ఉండేది ఆర్‌-134ఏ గ్యాస్. ఆ ఎండలో హై సైడ్ ప్రెషర్, అంటే కంప్రెసర్ నుంచి బయటికి వచ్చే గ్యాస్ ఒత్తిడి, 250 పీఎస్‌ఐ అటూ ఇటూ ఉంటే నడుస్తుందట, మాది 330 దాటి ఇంకా ఎక్కుతోంది. అప్పుడు అతను పైపుతో గ్రిల్ లోంచి కండెన్సర్ మీద నీళ్లు కొట్టాడు. ముల్లు చూస్తుండగానే కిందికి దిగింది, దాంతోపాటే స్టీరింగ్ అదురు తగ్గింది. నీళ్లు ఆపి కొంతసేపు ఉంచితే ముల్లు ఎక్కింది, వణుకూ తిరిగొచ్చింది. గ్యాస్‌ను అంత ఒత్తిడికి తోయాలంటే కంప్రెసర్ ఎంత బలం తీసుకోవాలి! ఆ బలం ఇచ్చేది ఐడిలింగ్‌లో ఉన్న ఇంజినే కదా. "కంప్రెసర్ మంచిగనే ఉంది అన్నా, దానికి ఊపిరి ఆడుతలేదు" అన్నాడు ఆ తమ్ముడు.

ముందు బంపర్ విప్పి రేడియేటర్‌ను కొద్దిగా వెనక్కి వంచితే, దానికీ కండెన్సర్‌కూ మధ్య ఊక, తౌడు, పురుగులు తడిసి ఎండి అట్టలా పట్టుకుని ఉన్నాయి. బ్రష్‌తో మెల్లగా దులిపి, ఇంజిన్ వైపు నుంచి బయటికి తక్కువ ఒత్తిడితో నీళ్లు పట్టాడు. సర్వీసింగ్ సెంటర్‌లో బండి కడిగే ప్రెషర్ గన్‌ను మాత్రం దీనికి వాడనివ్వకండి, పలుచని రేకులు వంగి గాలి దారి ఇంకా మూసుకుపోతుంది.

కడిగాక ప్రెషర్ బాగా తగ్గింది కానీ ఉండాల్సిన దానికంటే ఇంకా పైనే ఉంది. అప్పుడు గ్యాస్ సంగతి వచ్చింది. ముందు ఏడాది ఒక షాపులో తూకం లేకుండా, పైపు చేత్తో పట్టుకుని "చల్లగైంది" అని చెప్పి గ్యాస్ కొట్టారు. ఏసీలో గ్యాస్ తక్కువైతేనే కాదు, ఎక్కువైనా నష్టమే. ప్రెషర్ పెరుగుతుంది, కూలింగ్ తగ్గుతుంది, ఇంజిన్ మీద భారం పడుతుంది. నల్లగొండలో మిషన్ ఉన్న చోట మొత్తం గ్యాస్ బయటికి తీయించి తూకం వేయిస్తే, బానెట్ కింద స్టిక్కర్ మీద రాసిన దానికంటే వంద గ్రాములకు పైగా ఎక్కువ ఉంది. వ్యాక్యూమ్ పెట్టి లోపలి గాలి, తేమ లాగేసి, స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములుంటే అన్నే ఎక్కించారు. మీరు ఎక్కడ గ్యాస్ నింపించినా గ్రాముల లెక్క అడగండి. చెప్పలేకపోతే బండి వెనక్కి తిప్పుకోండి.

వణుకు ముప్పావు వంతు పోయింది. మిగిలింది సన్నని అదురు, అది సీటు కింద తెలిసేది. దానికోసం మౌంటింగులు చూశాం. హ్యాండ్‌బ్రేక్ వేసి, కాలితో బ్రేక్ గట్టిగా తొక్కి, ఒకసారి ఫస్ట్ గేరులో, ఒకసారి రివర్స్‌లో క్లచ్ కొద్దిగా వదిలితే ఇంజిన్ ఎంత వాలుతుందో తెలుస్తుంది. ఆ సమయంలో బండి ముందు గానీ వెనక గానీ మనిషి ఉండకూడదు, పక్క నుంచే చూడాలి. ఇంజిన్ ఒక వైపు మరీ ఎక్కువగా వాలింది. పైన ఉన్న రెండు మౌంటింగులు బాగానే ఉన్నాయి. కింద ఇంజిన్‌ను పట్టి ఉంచే చిన్న మౌంటింగ్ రబ్బరు మాత్రం చీలి ఇనుముకు ఇనుము తగులుతోంది. ఆ ఒక్కటే మార్చాం. చవకలో దొరికే డూప్లికేట్ రబ్బరు గట్టిగా ఉండి అదురును ఇంకా ఎక్కువగా బాడీకి పంపుతుంది, అందుకే కంపెనీదే తెప్పించాను. బోల్టులు వదులుగా పెట్టి, ఇంజిన్‌ను కొద్దిసేపు నడిపి అది తన చోటులో కుదురుకున్నాక బిగించారు. మొదటే లాగి బిగిస్తే రబ్బరు మెలిపడి ఉండిపోతుంది.

ఇప్పుడు కంప్రెసర్ పట్టుకునేటప్పుడు ఒక చిన్న కుదుపు మాత్రం ఉంది. ఇలాంటి బండే ఉన్న మిత్రుడి కారులో కూర్చుని పోల్చి చూశాను, దానిలోనూ అంతే ఉంది, కాబట్టి దాని గురించి ఇక టెన్షన్ పడటం లేదు. మిల్లుల దగ్గర బండిని ఊక కుప్పలకు దూరంగా, గాలి ఊకను మోసుకురాని వైపు ఆపుతున్నాను. యాసంగి కొనుగోళ్లు మొదలయ్యే ముందు ఒకసారి, ముగిశాక ఒకసారి గ్రిల్‌లోకి టార్చ్ వేసి కండెన్సర్ చూసుకుంటాను. పట్టింది దుమ్మే అయితే ఇంట్లో పైపుతోనే పోతుంది. అమ్మ ఇప్పుడు మిర్యాలగూడ దాకా వెనక సీట్లోనే వస్తోంది.