చీపురు పట్టని పావుగంట

మొన్న సోమవారం మా సూపర్‌వైజర్ చేత చీవాట్లు తిన్నాను. తప్పు నాదేనని ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. అదీ సగమే. మిగతా సగం ఇంకా ఒప్పుకోలేదు.

దుబాయ్ మెరీనాలో హాలిడే హోమ్ ఫ్లాట్లు శుభ్రం చేసే పని నాది. 11 గంటలకి గెస్టులు ఖాళీ చేస్తారు, 3 గంటలకి కొత్తవాళ్ళు దిగుతారు. ఈలోపు రెండు పడకగదులు, రెండు బాత్‌రూములు, వంటగది, ఎంత తుడిచినా ఇసుక రాలే బాల్కనీ అన్నీ అయిపోవాలి.

ఆ రోజు వెళ్ళింది ఓ ముసలి జంట. వాడిన తువ్వాళ్ళన్నీ ఆవిడే ఓ పక్కన కుప్ప పెట్టింది. నా నడుం సంగతి ఆలోచించిన గెస్టు ఈ మూడేళ్ళలో ఆవిడొక్కతే. పెట్టెలు లిఫ్టు దాకా తోసిపెట్టి, వెనక్కొచ్చి, కారిడార్లో నిలబడిపోయాను. రోజూ వచ్చిపోయేవాళ్ళకి ఇవన్నీ చూసుకోను, చూసుకుంటే ఉద్యోగం ఉండదు. కానీ ఆవిడ అలా గడప దాటగానే వెనకాలే ఊడవడానికి చెయ్యి రాలేదు.

పావుగంట తర్వాత సూపర్‌వైజర్ వచ్చి ఎందుకు నిలబడ్డావంది. ఫిలిప్పీన్స్ ఆవిడకి నా వచ్చీరాని ఇంగ్లీషులో ఏమని చెప్పను? కాలు నొప్పి అన్నాను.

పోయిన పావుగంట కలిసిరావాలని గబగబా చేశాను. వాష్‌బేసిన్ మీద మందు కొట్టడం, వెంటనే పొడిగుడ్డతో తళతళలాడేలా తుడవడం. ఆవిడ సీసా తిప్పి లేబుల్ మీద వేలు పెట్టింది. 10 నిమిషాలు తడిగా ఉండాలని రాసుంది. "ఇది మెరుస్తోంది, అంతే. క్రిములు చావలేదు. అక్కర్లేని చోట ఆగుతావు, ఆగాల్సిన చోట ఆగవు" అంది.

ఎంత ఒళ్ళు మండిందో! చెప్పులతో పరుపెక్కేవాళ్ళు, సూట్‌కేసు చక్రాలు దుప్పటి మీద ఆనించేవాళ్ళు వదిలివెళ్ళిన ఇల్లు కడుగుతున్నాను. మా రాజోలులో స్నానం కానిదే పొయ్యి దగ్గరికి రానివ్వని అమ్మ కడుపున పుట్టాను. నాకా శుభ్రం నేర్పేది?

నేర్పాల్సిందే కాబోలు. కడగడం వేరు, క్రిములు చంపడం వేరు. ముందు సబ్బుతో జిడ్డు వదలగొట్టాలి, లేకపోతే ఆ మురికి కింద క్రిములకి మందు తగలదు. తర్వాత మందు కొట్టి, లేబుల్ మీదున్నంతసేపు ఆరనివ్వకూడదు. కమోడ్‌కి ఎర్రగుడ్డ, గదులకి నీలిగుడ్డ. మనింట్లో పాత లుంగీ ముక్క ఒక్కటే ఊరంతా తిరిగొచ్చేది. అందరి చేతులూ పడేది టీవీ రిమోట్ మీద. దాని మీద స్ప్రే కొట్టకుండా, మందులో తడిపి పిండిన గుడ్డతో మీట మీటా ఒత్తాలి. చిప్స్ జిడ్డు వాల్యూమ్ మీట చుట్టూనే ఉంటుంది, ఎప్పుడు చూసినా.

ఇంకోటి చెప్పాలి. మా దొడ్లో లెట్రిన్ కడిగేటప్పుడు యాసిడ్, బ్లీచింగ్ కలిపి పోసి, దగ్గుకుంటూ బయటికి పరిగెత్తేవాళ్ళం. అంత ఘాటుందంటే బాగా పనిచేస్తోందని సంబరం కూడానూ. అది క్లోరిన్ వాయువని, ప్రాణం మీదికి తెస్తుందని ఇక్కడ ట్రైనింగులోనే తెలిసింది. ఆ రాత్రే ఇంటికి ఫోన్ చేసి అరిచాను.

మొన్నటి సంగతి కూడా బోటిమ్ అనే కాలింగ్ యాప్‌లో అమ్మకి చెప్పాను. ఇక్కడ 9 అయితే అక్కడ 10:30, అయినా నా ఫోన్ కోసం కూర్చునే ఉంటుంది. చీవాట్ల మాట పక్కనపెట్టి, "పావుగంటైనా ఆగావు, మంచిపని చేశావు" అంది.

"వాక్యూమ్ పెట్టినా ఊడ్చినట్టేనా అమ్మా?"

"కరెంటుతో ఊడిస్తే మాత్రం ఊడ్చినట్టు కాదేంటే? ముందు బాత్‌రూములు కడుక్కుని, దుప్పట్లవీ తీసుకో. ఈలోపు వాళ్ళు ఊరు దాటతారు. అప్పుడు ఊడువు."

సూపర్‌వైజర్ నా ఫోన్లో పెట్టిన లిస్టు తీసి చూశాను. బాత్‌రూములు కడిగి మందు కొట్టడం, అది నానుతుండగా దుప్పట్లు తియ్యడం, నేల ఆఖరికి. ఈ మాట అమ్మకి చెప్పలేదు. చెబితే, ఆవిడది మన కోనసీమేమో కనుక్కోమంటుంది.